కోయక చూచిన పువ్వు

ధ్యానమునకు: మత్తయి 6:25–34, యోబు 38:25–27



మా సంఘములో కూలిపనికి పోవు సహోదరి యొకామె కలదు. మత్తయి సువార్త ఆరవ అధ్యాయము చదువబడిన యొక ఆదివారమున, ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె మా యొద్దకు వచ్చి యిట్లడిగెను: "అయ్యగారూ, అడవిపువ్వులను చూడమని ప్రభువు చెప్పినాడు, సరే. నేను పొద్దు పొడవకముందే కలుపుకు పోయేదాన్ని. పువ్వులు చూస్తూ కూర్చునే తీరిక నాకెక్కడిది? అది తిండికి లోటు లేనివాళ్ల పని కాదా?"

"తీరిక దొరికినప్పుడు చూడమ్మా" అని చెప్పి ఆ దినమున మేము తప్పించుకొంటిమి. తప్పించుకొన్న సంగతి ఆమెకును తెలిసినది, మాకును తెలిసినది. కడుపు నింపని దానిని, సంతలో అమ్ముడుపోని దానిని నిలువబడి చూచుట మంచి పనియా, లేక కాలమును వ్యర్థపరచుటయా? ఈ ప్రశ్న మాతోకూడ ఇంటికి వచ్చెను. తరువాత పట్నమునకు కూడ వచ్చెను.

గడచిన వర్షాకాలపు చివరను మేము హైదరాబాదులో మా కుమార్తె యింట కొన్ని దినములుంటిమి. ఆ యింటికి సమీపమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము కలదు. 350 ఎకరములకు పైబడిన ఆ చోటును 1998లో జాతీయ వనముగా ప్రకటించిరి. చుట్టును పట్టణము పెరిగి కమ్ముకొనినను, లోపల బండలును పొదలును నెమళ్లును కలిగి, అది మన మెట్ట ప్రాంతపు అడవి పోలికను నిలుపుకొనియున్నది. ఉదయమున అనేకులు అక్కడ నడచుటకు వచ్చెదరు. వారిలో ఎక్కువమంది గడియారము చూచుకొనుచు వడివడిగా సాగిపోవుదురు.

మా మనుమరాలు అట్లు నడువదు. పదునాలుగేండ్ల పిల్ల. పది అడుగులు వేయును, ఆగును, సెల్‌ఫోను తీసి నేలమీద మోకరించును. మొదటి దినమున మాకు విసుగు పుట్టెను. నడువవచ్చితిమా, గడ్డిలో వెదకవచ్చితిమా అని గొణిగితిమి. రెండవ దినమున ఆమె చూచుచున్న దానిని వంగి చూచితిమి. నేల నంటుకొని ప్రాకిన సన్నని కొమ్మకు చిటికెనవేలి గోరంత నీలిపువ్వు.

"దీని పేరేంటి తాతయ్యా?"

"విష్ణుక్రాంత. ఎండ ముదిరితే ముడుచుకుంటుంది" అంటిమి.

దాని ప్రక్కన తెల్లని తుమ్మి యుండెను. చిన్ననాడు ఆ పువ్వును పెరికి మొదటనున్న తేనె చప్పరించినవారము మేము. కొంత ముందుకు పోగా వెండిరంగును గులాబిరంగును కలిసిన గునుగు కంకులు. బండల ప్రక్కన పచ్చగా తంగేడు. ఈ గునుగును తంగేడునే తెలంగాణ స్త్రీలు బతుకమ్మను పేర్చుటకు ఏరితెత్తురు. తంగేడు ఆ రాష్ట్రమునకు రాష్ట్ర పుష్పము కూడను. తోళ్లు పదునుచేసి బ్రదికిన మన పెద్దలకు తంగేటి పట్ట ఎంత అక్కరయైనదో మనలో అనేకులు ఎరుగుదురు. మేము ఒక్కొక్కదాని పేరును కథయును చెప్పుచుండగా పిల్ల ఆశ్చర్యపడెను.

కాని ఆశ్చర్యపడవలసినవారము మేమే. తుమ్మి పువ్వునకు పైపెదవి టోపీవలె వంగియుండుననియు, దానిమీద తెల్లని నూగు ఉండుననియు, క్రింది పెదవి వెడల్పై తేనెటీగకు మెట్టు వేసినట్లుండుననియు ఆమె తీసిన ఫొటోలో చూచువరకు మేమెరుగము. ఇన్ని యేండ్లుగా మాకు పేర్లు తెలియును గాని పువ్వులు తెలియవు. ఆమెకు పువ్వులు తెలియును గాని పేర్లు తెలియవు. తాతయు మనుమరాలును కలిసి నడచినప్పుడే ఆ రెండును ఒకచోట చేరినవి.

మూడవ దినమున జరిగిన దానిని చెప్పుటకు మాకు సిగ్గుగానున్నను చెప్పెదము. ఒక ముండ్లపొదమీదికి అడవినాభి ప్రాకియుండెను. కొందరు దీనిని పొత్తిదుంప యందురు. దీని ఆకు కొనయే నులితీగయై దొరికిన కొమ్మను చుట్టుకొని పట్టుకొనును. పువ్వు తల వంచుకొని వ్రేలాడును; ఆరు రేకులు మాత్రము వెనుకకు మడిచికొని పైకి లేచును. రేకుల మొదట పసుపు, కొనల యందు ఎరుపు. దూరమునకు నిప్పు రేగినట్లుండును. తమిళనాడు దీనిని రాష్ట్ర పుష్పముగా ఎన్నుకొన్నది. దుంప మొదలుకొని విత్తనమువరకు ఇది విషము. అయినను అందులోని కాల్చిసిన్ అను పదార్థమునే గౌట్ అను కీళ్లవ్యాధికి వైద్యులు మందుగా వాడుదురు.

పువ్వు వెలుతురునకు పెడమొగముగా నుండెను. పిల్లకు ఫొటో చక్కగా రావలెనని మేము చేయి చాచి తీగను ఎండవైపునకు త్రిప్పితిమి. పుటుక్కున కాడ విరిగెను.

పిల్ల ఫోను దించివేసెను. "తాతయ్యా, ఫొటో కోసం పువ్వునే విరిచేశావా!" అనెను. అంతకు మించి ఏమియు ననలేదు. ఆ దినమున మరియొక ఫొటో తీయలేదు.

జాతీయ వనములో మొక్కకు హాని చేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టియు తప్పే. కాని మమ్మును గుచ్చినది చట్టము కాదు. విరిగిన పువ్వు మా చేతిలో నుండెను, దానితో మాకు ఏ పనియు లేదు. దానిని తిరిగి అతికింపలేము. ఎవనిమీదనైన కోపముతో విరిచినవారము కాము, మేలుచేయగోరియే విరిచితిమి. ఉన్నది ఉన్నట్లుగా చూచుట మాకు చాలలేదు. మాకు కావలసినట్లుగా అది తిరుగవలెనని కోరితిమి. ప్రియులారా, పువ్వుల విషయములోనే మనమిట్లు చేయుచున్నామా? కుమారుని, కోడలిని, సంఘములోని బలహీనుని మనకు నచ్చిన వెలుతురు వైపునకు త్రిప్పబోయి ఎన్ని కాడలు విరిచితిమో మన మనస్సాక్షియే చెప్పును.

ఆ రాత్రి మేము మత్తయి సువార్త తెరచి, మా సంఘ సహోదరి యడిగిన భాగమునే మరల చదివితిమి. మూడు సంగతులు క్రొత్తగా కనబడెను.

మొదటిది, ప్రభువు ఈ మాటలు ఎవరితో చెప్పెను? ఏమి తిందుమో, ఏమి కట్టుకొందుమో అని దిగులుపడు జనముతో చెప్పెను. భోగులతో కాదు. పువ్వులను చూచుట ధనికుల హక్కని ఆయన తలంచియుండినయెడల బీదలను వాటియొద్దకు పంపకయే యుండును.

రెండవది, ఆయన చూపినవి తోటలో నీరుపోసి పెంచిన పువ్వులు కావు. ఇంగ్లీషు బైబిలులో లిల్లీలు అని యున్నచోట మన తెలుగు బైబిలు అడవిపువ్వులు అని చెప్పుట ఎంతో చక్కగా నున్నది. గలిలయ కొండలమీద వానల తరువాత పూయు ఎఱ్ఱని ఎనిమోనులు మొదలైనవి ఆయన తలంపులో నుండెనేమో యని కొందరు పండితులు చెప్పుదురు. అవి యెండిన తరువాత పొయ్యిలో వేయబడునని కూడ ఆయన ఎరుగును. కట్టెలు కరవైన ఆ దేశమున బీదల ఇండ్లలో ఎండుగడ్డియే వంటచెరకు. పువ్వు అందమును చెప్పినవాడే పొయ్యిని కూడ చెప్పెను. కాబట్టి ఆయన మాట పని తెలియనివాని మాట కాదు.

మూడవది, అక్కడ ఆయన వాడిన మాట. గ్రీకు మూలములో ఆ మాటకు శ్రద్ధగా పరిశీలించి నేర్చుకొనుట అని భావము. దారిన పోవుచు ఓరగా చూచుట చాలదు. విద్యార్థి పాఠమును నేర్చినట్లు నేర్వవలెను. అందుకు ఒక దినమెల్ల అక్కరలేదు. ఒక పువ్వునొద్ద నిజముగా నిలిచిన ఒక్క నిమిషము చాలును.

ఇట్లు నేర్చుకొనుటకు కెమేరా సహాయమా, ఆటంకమా? మనుమరాలిని చూచి మేము తెలిసికొన్నది చెప్పెదము. కోసిన పువ్వు ఇంటికి చేరునప్పటికి వాడును. దాని విత్తనము పోవును, దానికొరకు వచ్చు తేనెటీగకు ఆహారము పోవును. ఫొటో తీసినచో పువ్వు దాని తావున దానికే యుండును, మన యింటికి దాని రూపము వచ్చును. తీసికొనకయే పొందుట యను ఈ మేలు మన పూర్వులకు లేదు.

అయినను కెమేరాలో కూడ ఒక దొంగ దాగియుండగలడు. ఒక్క పువ్వు ఫొటోకొరకు బాట విడిచి పది మొక్కలను త్రొక్కువారు కలరు. అడ్డువచ్చిన గడ్డిని పెరికివేయువారు కలరు. వందఫొటోలు తీసి ఒక్క పువ్వునైనను చూడనివారు కలరు. మా చేయి కూడ ఆ త్రోవనే నడిచెను. కనుక మనుమరాలు తనకు తాను పెట్టుకొన్న కట్టుబాట్లను ఇక్కడ వ్రాయుచున్నాము. బాట దిగరాదు. పువ్వును ముట్టరాదు, అది ఎటు తిరిగియున్నదో మనమే అటు తిరుగవలెను. పైనుండి కాక పువ్వు ఎత్తునకు వంగి తీయవలెను. పువ్వు మాత్రమే కాక ఆకు, కాడ, మొక్క మొత్తమును కూడ తీయవలెను; పువ్వు ఒక్కటే చూచి మొక్కను గుర్తించుట తరచు కష్టము. ఈగ వ్రాలియుండిన అది లేచువరకు ఆగవలెను. అడవినాభి వంటి మందుదుంపలున్న చోటును అందరికి చాటరాదు, ఏలయనగా త్రవ్వుకొనిపోవువారు వత్తురు. ఈ కట్టుబాట్లలో ప్రేమయను మాట లేదు. కాని అపొస్తలుడైన పౌలు ప్రేమనుగూర్చి వ్రాసిన అధ్యాయమును చదివినవారికి ఇవి క్రొత్తగా తోచవు.

నాలుగవ దినమున మరియొక పాఠము కలిగెను. ఎరుపు, పసుపు, నారింజ రంగుల చిన్నపువ్వులు గుత్తులుగానున్న పొదను చూచి, ఎంత అందమోయని మేము నిలిచితిమి. "అది లాంటానా తాతయ్యా. మన దేశానిది కాదు" అని పిల్ల ముందుకు నడిచెను. నిజమే. అమెరికా ఉష్ణదేశములనుండి దానిని అందముకొరకు 19వ శతాబ్దపు ఆరంభమున కలకత్తా తోటకు తెచ్చిరి. నేడది దేశపు అడవులలో ఎంతో మేర కమ్ముకొని, తన నీడను ఇతర మొక్కలను లేవనియ్యకున్నది. 1950వ దశకమున పూణె ప్రాంతమున కనబడి దేశమంతట ప్రాకిన వయ్యారిభామ మన పొలములకును చర్మములకును చేయు కీడు మీరెరిగినదే.

అయితే పరాయిదేశపు మొక్క యెల్ల చెడ్డదేనా? మనము తిను మిరపయు వేరుశనగయు మొక్కజొన్నయు అమెరికానుండి వచ్చినవే. గట్టుమీది గడ్డిచామంతియు అక్కడిదే. కొడవలి తెగినప్పుడు దాని ఆకు పసరు పిండుకొననివారు మన పల్లెలలో ఎవరు? శ్రీరామపురమున సేవచేసిన విలియం కేరీ గారికి ఇంగ్లండునుండి విత్తనముల సంచి వచ్చినప్పుడు, సంచి దులిపిన మట్టిలోనుండి ఆ దేశపు డెయిసీ మొక్క మొలిచెను. స్వదేశమును మరల చూడని ఆ భక్తుడు దానిని చూచి ఎంతో సంతోషించెను. ఆ సంతోషమును ఎవరు తప్పుపట్టగలరు?

మాకు తోచినదేమనగా, ఎక్కడనుండి వచ్చెనను ప్రశ్నకంటె, వచ్చి తన పొరుగువాటిని బ్రదుకనిచ్చుచున్నదా యను ప్రశ్న పెద్దది. గడ్డిచామంతి ప్రక్కన తుమ్మి పూయును. లాంటానా క్రింద పూయదు. అయితే ఈ లెక్కను మనుష్యులకు వేయకుడి. మొక్క తన స్వభావమును మార్చుకొనలేదు, మనుష్యుడు మార్చుకొనగలడు. మరియు పరదేశిని స్వదేశివలె ఎంచి ప్రేమింపవలెనని లేవీయకాండము 19:34 మనకు నేర్పుచున్నది. ఏ మనుష్యుడును కలుపు కాడు.

పేర్లనుగూర్చి ఇంకొక మాట. మన మొక్కలకు మొదట శ్రద్ధతో లెక్క వ్రాసినవారిలో యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ అను వైద్యుడొకడు. ఆయన 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా వచ్చి, 1785లో కాకినాడ జగన్నాథపురమున మరణించెను. ఆయన మిత్రుడైన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో తోట వేయించి, చుట్టుప్రక్కల మొక్కలకు బొమ్మలు గీయించెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన ఆయన గ్రంథము 1795 మొదలుకొని 300 చిత్రములతో మూడు సంపుటములుగా లండనులో అచ్చయ్యెను. అందులో మొక్కల తెలుగు పేర్లును కలవు. ఆయన 1815లో చనిపోయిన పిమ్మట, మిగిలిన వ్రాతలను 1820 మొదలుకొని శ్రీరామపురమున అచ్చువేయించినది కేరీ గారే.

ఆ బొమ్మలను గీసినవారు ఈ దేశపు చిత్రకారులు. వారి పేర్లు గ్రంథపు ముఖపత్రముపై లేవు. ఆ తెలుగు పేర్లు పలికినవారు ఎవరు? పసులకాపరులు, మందులు తెచ్చువారు, కలుపుతీయు స్త్రీలు అయియుందురు గదా. వారి జ్ఞానము పుస్తకమున నిలిచెను, వారు మరుగైరి. మనుష్యులెవరును లేని ఎడారిమీద కూడ వాన కురిపించి గడ్డి మొలిపించువాడను తానేయని దేవుడు యోబుతో చెప్పెను. ఎవరును చూడని పువ్వును చూచువాడు, ఎవరును వ్రాయని పేరును మరచిపోవునా?

మేము ఊరికి తిరిగి వచ్చునప్పటికి కోతపండుగ సమీపించియుండెను. గుడి ఆవరణమంతయు గడ్డిమందు కొట్టుటకు యువకులు సిద్ధముగానుండిరి. తూర్పు గోడ వెంబడి తుమ్మియు విష్ణుక్రాంతయు పూచియుండెను. ఆ పట్టీని విడువుడని మేము వేడుకొంటిమి. "పాములు చేరతాయి అయ్యగారూ, పిల్లలు ఆడుకునే చోటు" అని సంఘపెద్ద యొకరు చెప్పిరి. అది న్యాయమైన మాట. కాసేపు వాదన జరిగెను. తుదకు పిల్లలు కూర్చుండు చోటును దారిని కొడవలితో శుభ్రముగా కోయుటకును, గోడ వెంబడి రెండు మూరల పట్టీని మందు కొట్టక విడుచుటకును, వయ్యారిభామను మాత్రము పూతకు రాకముందే చేతులకు తొడుగులు వేసికొని వేళ్లతో పెరికివేయుటకును ఒప్పుకొనిరి. అందరికిని పూర్తిగా నచ్చలేదు. అయినను ఆ పట్టీ నిలిచియున్నది.

ఆదివారమున ఆ సహోదరి వచ్చినప్పుడు మనుమరాలు పంపిన ఫొటోలను ఆమెకు చూపితిమి. ఆమె ఫోనును కంటి దగ్గరకు తెచ్చుకొని చాలసేపు చూచెను. "ఇది మా గట్టుమీది గునుగే కదయ్యగారూ! ఒక్కో కంకిలో ఇన్ని పువ్వులా?" అనెను. మేము, "అమ్మా, ఆ దినము నీకు సరియైన మాట చెప్పలేకపోతిని, క్షమించు. చూచుటకు తీరిక కావలెనని చెప్పితిని. తీరికగలవారు ఆ వనములో చూడకయే పోవుచున్నారు. పువ్వులకు అందరికంటె దగ్గరగా వంగునది నీవే" అని చెప్పితిమి.

ఆమె కొంచెము సేపు ఊరకుండి, "రోజూ వంగేదాన్నే అయ్యగారూ. కాని పీకడానికే వంగాను" అనెను.

ఆమె మరునాడును కలుపునకు పోయెను. చేనులోని గునుగును పీకెను; పీకవలసినదే, అది పైరు తిండి తినును, ఆమె కూలి దానిమీదనే యున్నది. కాని సాయంకాలము మా వాకిట ఆగి, దారిలో తాను చూచిన పువ్వుల పేర్లు చెప్పెను. పదునాలుగు పేర్లు. వాటిలో అయిదు మేమెన్నడును వినలేదు. మేమవి కాగితముమీద వ్రాసికొని, ప్రక్కన చెప్పినవారి పేరుగా ఆమె పేరును వ్రాసితిమి.

కాబట్టి ఈ నెలలో ఆదివారపు బడి పిల్లలకు మేమొక పని చెప్పుచున్నాము. మీ యింటినుండి గుడికి వచ్చు దారిలో పూచిన పువ్వులను చూడుడి. ఒక్కదానినైనను కోయకుడి. ఫోను ఉన్నవారు వంగి ఫొటో తీయుడి, లేనివారు బొమ్మ గీయుడి. పేరు తెలియనిచో మీ యమ్మమ్మనో తాతనో, కలుపుతీయు మీ పొరుగింటి పెద్దమ్మనో అడుగుడి. పేరు ప్రక్కన చెప్పినవారి పేరు కూడ వ్రాయుడి.

పువ్వులను అలంకరించి, పొయ్యిని కూడ ఎరిగిన మన ప్రభువు, పీకుటకు వంగు మన నడుములను చూచుటకును వంగనేర్పును గాక. తీసికొనుటకు చాచు మన చేతులను కొంత తడవు నిలుపును గాక. ఆమేన్.